వంటగట్టు పైన కాంక్రీటే ఉంచుకోవచ్చా? దేవరకొండ నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

మీరు అడిగింది ఇదీ: దేవరకొండలో ఇల్లు కడుతున్నారు, స్లాబు అయిపోయింది, ఏప్రిల్‌లో వంటిల్లు పని మొదలవుతుంది. ఎల్ ఆకారం గట్టు, ఒకవైపు పది అడుగులు, ఇంకోవైపు ఆరడుగులు. గ్రానైట్ లేకుండా బూడిదరంగు కాంక్రీటునే పైన కనబడేలా ఉంచుకోవాలని మీ కోరిక. మేస్త్రి "స్లాబు వేసి నున్నగా నీట్ సిమెంట్ కొట్టేస్తా, గ్రానైట్ పైసలు మిగుల్తాయి" అంటున్నారు. మీ అమ్మగారేమో "సిమెంటు మీద పసుపు పడితే పోదు, నా మాట విను" అంటున్నారు.

మీ అమ్మగారు చెప్పింది నిజం. మేస్త్రి చెప్పిన పద్ధతి వద్దు. అలాగని మీ కోరిక వదులుకోవాల్సిన పని లేదు. గట్టులో ఏ భాగానికి కాంక్రీటు, ఏ భాగానికి రాయి అన్నది ముందు తేల్చుకుంటే చాలు. మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు ఇళ్ల పనులు చేయించే సివిల్ ఇంజనీరుని నేను. ఈ మధ్య ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

చాలామందికి వచ్చే మొదటి అనుమానం బలం గురించి. ఆ టెన్షన్ అక్కర్లేదు. మన దగ్గర గ్రానైట్ వేసే గట్ల కింద కూడా చాలా ఇళ్లలో ఉండేది ఆర్‌సీసీ స్లాబే. పైన రోజూ గ్రైండర్ తిరిగినా, మనిషి ఎక్కి సజ్జ మీద సామాను తీసినా అది కదలదు. వంటింట్లో కాంక్రీటుకు అసలు శత్రువు పులుపు.

సిమెంటు పుట్టేదే సున్నపురాయి నుంచి. వాడపల్లి, మేళ్లచెరువు వైపు అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది అక్కడి భూమిలో ఆ రాయి ఉండబట్టే. సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు రాయిలాంటి జిగురుతో పాటు సున్నం కూడా తయారవుతుంది. కొత్త కాంక్రీటు పీహెచ్ 12 పైనే ఉంటుంది, అంటే అది గట్టి క్షారం, పులుపుకు పూర్తిగా వ్యతిరేకం. చింతపండులో ఉండేది టార్టారిక్ ఆమ్లం, నిమ్మలో సిట్రిక్, పెరుగులో లాక్టిక్. ఇవి సున్నాన్ని తాకగానే దాన్ని కరిగించడం మొదలుపెడతాయి. పచ్చి పులుసు పిసికిన గిన్నె అంచు నుంచి నాలుగు చుక్కలు కారి గంటసేపు అలాగే ఉంటే, తుడిచాక అక్కడ వెలిసిన మచ్చ మిగులుతుంది. వేలితో రుద్దితే గరుకుగా తగులుతుంది. ఎంత కడిగినా ఆ మచ్చ పోదు, ఎందుకంటే అది అంటిన మరక కాదు, పై పొర తినేయబడిన చోటు. బత్తాయి, నిమ్మ తోటల నల్లగొండ జిల్లాలో, ఎండాకాలం మామిడికాయ తొక్కు పెట్టే ఇంట్లో ఇది ఎప్పుడో ఒకసారి జరిగేది కాదు, రోజూ ఉండేదే.

ఇది కాంక్రీటుకు మాత్రమే ఉన్న గుణం కాదు. కడప బండ, తాండూరు బండ, షాబాదు బండ ఇవన్నీ సున్నపురాళ్లే. పాత ఇళ్లలో కడప బండ గట్టు మీద చింతపండు నానబెట్టే చోట మెరుపు పోయి తెల్లబడి ఉండటం మీ అమ్మగారు చూసే ఉంటారు. గ్రానైట్‌కు ఈ బాధ లేదు. దానిలో సున్నం లేదు కాబట్టి వంటింటి పులుపు దాన్ని ఏమీ చేయలేదు.

ఇక పసుపు. పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్లు అవుతాయని మనందరికీ తెలుసు. సరిగా సీలర్ (మరకలు లోపలికి దిగకుండా పైన పూసే మందు) వేయని కొత్త కాంక్రీటు మీద పసుపు పడితే జరిగేదీ అదే, మరక పసుపుగా కాకుండా ఎర్రటి గోధుమరంగులో కనిపిస్తుంది. కిటికీ వెలుతురు తగిలే చోట పసుపు మరక మెల్లగా వెలిసిపోతుంది. నూనె మరక అలా పోదు, లోపలికి దిగి నల్లటి మచ్చగా ఉండిపోతుంది.

మూడోది మన నీళ్లు. నల్లగొండ అనగానే అందరూ ఫ్లోరైడ్ గురించే అడుగుతారు. బోరు నీళ్లలో ఉండేపాటి ఫ్లోరైడ్ కాంక్రీటును ఏమీ చేయదు. ఇక్కడ చూడాల్సింది నీళ్ల కఠినత్వం, ఉప్పు. సింక్ చుట్టూ నీళ్లు ఆరిన ప్రతిసారీ తెల్లటి వలయం మిగులుతుంది. గ్రానైట్ మీద అయితే దాన్ని నిమ్మచెక్కతోనో వెనిగర్‌తోనో రుద్ది తీసేస్తాం. కాంక్రీటు మీద అదే పని చేస్తే తెల్ల వలయంతో పాటు గట్టు పై పొర కూడా పోతుంది. అంటే మరక పడుతుంది, దాన్ని తీసే మామూలు దారి కూడా మూసుకుపోతుంది. కఠినమైన నీళ్లున్న ఊళ్లో సింక్ చుట్టూ కాంక్రీటు వద్దు అని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

కాబట్టి నా సలహా ఇది. పదడుగుల వైపు, సింక్, స్టౌ ఉన్న గట్టుకు నల్ల గ్రానైట్ వేయించండి. ఆరడుగుల వైపు, అంటే మిక్సీ పెట్టుకునే, వడ్డన గిన్నెలు సర్దుకునే, పిల్లలు కూర్చుని తినే గట్టుకు కాంక్రీటు వేయించండి. చూసేవాళ్ల కంటికి మొదట కనిపించేది కూడా ఆ వైపే. రెండు రంగులూ కలుస్తాయి, బాగుంటుంది. లేదు, మొత్తం కాంక్రీటే కావాలి అంటే చేయొచ్చు, కానీ మచ్చలు పడతాయని ఇంట్లో వంట చేసేవాళ్లు ముందే ఒప్పుకోవాలి. గట్టు చూసి సంతోషించేది ఒకరు, దాన్ని తుడుస్తూ బాధపడేది ఇంకొకరు అయితే అది మంచి ఇల్లు కాదు.

ఇప్పుడు పని ఎలా చేయించాలో చెప్తాను. ముందు మేస్త్రి చెప్పిన నీట్ సిమెంట్ ఎందుకు వద్దో చూడండి. కాంక్రీటు పోసి, పైకి తేలిన నీళ్లు పోవడానికి పొడి సిమెంటు చల్లి, తాపీతో నున్నగా రుద్దుతారు. మొదటి నెల అద్దంలా ఉంటుంది. పైన ఏర్పడేది ఇసుక, కంకర లేని ఉత్త సిమెంటు పొర. ఎండేటప్పుడు అది కింది కాంక్రీటు కంటే ఎక్కువ కుంచించుకుపోతుంది, వెంట్రుక పగుళ్లు వల అల్లినట్టు వస్తాయి. ఆ పగుళ్లలోకి కారం, నూనె దిగితే ఇక తీయలేం. పులుపు తినడానికి కూడా ఉత్త సిమెంటు పొరే సులువు. పాత ఇళ్లలో ఎర్ర గచ్చు నిలబడిందంటే ఆ పని తెలిసిన మేస్త్రులు రోజుల తరబడి రుద్ది, నీళ్లు కట్టి తడిపి చేశారు కాబట్టి. ఆ ఓపికతో చేసేవాళ్లు మీకు దొరికితే అదృష్టమే. దొరక్కపోతే ఆ దారి వదిలేయండి.

దీనికి మంచి మార్గం మొజాయిక్ పని నుంచి వస్తుంది. గట్టు పోసి, ఆరిన తర్వాత పైపొరను మిషన్‌తో ఒకటి రెండు మిల్లీమీటర్లు అరగదీసి, లోపలి చిప్స్ (సన్న కంకర ముక్కలు) బయటపడేలా పాలిష్ చేయించండి. మన వైపు క్రషర్లలో కొట్టేది ఎక్కువగా గ్రానైట్ రాయే. అంటే పాలిష్ చేశాక పైన కనిపించే దానిలో చాలా భాగం గ్రానైట్ ముక్కలు, మధ్యలో మాత్రమే సిమెంటు. పులుపు పడ్డా తినడానికి దొరికేది తక్కువ, మచ్చ పడినా ఆ చుక్కల మధ్య కంటికి ఆనదు. తెల్లని మార్బుల్ చిప్స్ మాత్రం వేయించకండి, మార్బుల్ కూడా సున్నపు జాతే. పాత మొజాయిక్ పాలిష్ పని తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లను వెతికి పట్టుకోండి. ఈ పనికి వాళ్ల చెయ్యే కావాలి.

మిశ్రమం సంగతి. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, రెండు పాళ్లు 6 నుంచి 10 మిల్లీమీటర్ల చిప్స్. కట్టుబడికి వాడే పెద్ద కంకర ఇందులో వద్దు. రోబో సాండ్ (క్రషర్‌లో రాయి కొట్టి చేసే ఇసుక) అయితే దుమ్ము ఎక్కువ లేకుండా కడిగింది తీసుకోండి. 53 గ్రేడ్ సిమెంటే కావాలని మేస్త్రులు పట్టుబడతారు. ఈ పనికి పీపీసీ, అంటే ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) కలిపిన సిమెంటు కూడా మంచిదే. దానిలోని బూడిద సిమెంటు వదిలే సున్నాన్ని కొంత వాడేసుకుంటుంది, కాంక్రీటు చిక్కబడుతుంది. గట్టిపడటం మాత్రం నెమ్మది, తడపడం ఇంకొన్ని రోజులు ఎక్కువ కావాలి.

అన్నిటికంటే ముఖ్యం నీళ్లు. 50 కిలోల బస్తా సిమెంటు రసాయనికంగా పట్టుకునే నీళ్లు 12 లీటర్లకు మించవు. కలపడానికి వీలుగా ఉండాలని 20 నుంచి 22 లీటర్లు పోస్తాం. సైట్లో చేతికి తేలిగ్గా ఉంటుందని 30 లీటర్లు కూడా పోసేస్తారు. ఆ ఎక్కువ నీళ్లు ఆరిపోయాక వాటి చోట సన్నటి రంధ్రాలు మిగులుతాయి, నూనె, పసుపు దిగేది వాటిలోంచే. అందుకని బకెట్‌తో కొలిచి పోయించండి, పైపు పెట్టి పోయనీయకండి. ఇసుక తడిగా ఉంటే నీళ్లు ఇంకా తగ్గించాలి. మరీ బిరుసుగా ఉంటే నీళ్లకు బదులు ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండానే మిశ్రమాన్ని జారుగా చేసే మందు) కలపాలి, డబ్బా మీద రాసిన మోతాదు దాటకూడదు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కలపడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడండి. మొత్తం పనికి పట్టేది రెండు బకెట్లే.

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండంగుళాల మందం ముక్క 135 కిలోల పైనే తూగుతుంది. అదే పొడవు, వెడల్పు ఉన్న మామూలు మందం గ్రానైట్ పలక దీనిలో సగం బరువు కూడా ఉండదు. కాబట్టి కింద ప్లైవుడ్ డబ్బాలు మాత్రమే పెట్టి దాని మీద వేయొద్దు. రెండు మూడడుగులకు ఒక ఇటుక గోడో, నిలబెట్టిన బండో ఉండాలి. ముక్కను నేల మీద అచ్చులో పోసి తర్వాత ఎత్తి పెట్టడం నాకు ఇష్టమైన పద్ధతి. షట్టరింగ్ ప్లై మీద తలకిందులుగా పోస్తే, అచ్చుకు ఆనుకున్న వైపే తర్వాత పైభాగం అవుతుంది, అది సమంగా వస్తుంది. అచ్చు మూలల్లో సిలికాన్ గీత పెట్టి ఆరనిస్తే అంచులు గుండ్రంగా వస్తాయి, పదునైన అంచులు గిన్నె తగిలితే పెచ్చులూడతాయి. పోస్తున్నంతసేపూ అచ్చు పక్కలను సుత్తితో మెల్లగా తడుతూ ఉండాలి, గాలి బుడగలు పోతాయి. ఎత్తడానికి నలుగురు బలమైన మనుషులు కావాలి, అంచు మీద నిలబెట్టి మోయాలి. పరుపులా పడుకోబెట్టి మోస్తే మధ్యలో విరుగుతుంది.

మధ్యలో వెల్డ్ మెష్ (అతికించిన ఇనుప తీగల జాలి) పెట్టండి. పైభాగం కాబోయే వైపు ఇనుము మీద కనీసం ముప్పావు అంగుళం కాంక్రీటు ఉండాలి, లేకపోతే తర్వాత తుప్పు గీతలు తేలతాయి. ఎల్ మూలలో రెండు వైపులా కలిపి ఒకే ముక్కగా పోయకండి, మూల దగ్గర పగులు ఖాయం. మీకు అక్కడ గ్రానైట్, కాంక్రీటు కలుస్తాయి కాబట్టి సన్నటి సందు వదిలి సిలికాన్ నింపితే సరిపోతుంది. ముందు అంచు కింద చిన్న గాడి చేయించండి, కారిన నీళ్లు లోపలికి పాకి అరల్లోకి పోకుండా అక్కడే చుక్కలుగా పడిపోతాయి.

ఏప్రిల్ అన్నారు. నల్లగొండ వైపు ఏప్రిల్, మే ఎండల సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. పోసిన గంటలోనే పైనున్న తడి ఎగిరిపోయి, కాంక్రీటు గట్టిపడక ముందే పగుళ్లు వస్తాయి. తెల్లవారుజామునే పని మొదలుపెట్టి ఎండ ఎక్కకముందే ముగించండి. నీడలో, గాలి కొట్టని గదిలో పోయండి. ఫినిషింగ్ అవగానే ప్లాస్టిక్ పట్టా కప్పండి. మర్నాటి నుంచి తడి గోనె సంచులు వేసి వాటి మీద పట్టా కప్పండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు చల్లితే క్యూరింగ్ అయిపోయినట్టు కాదు, మధ్యాహ్నానికి అది పొడిబారిపోతుంది. ఎండలు ఎక్కువగా ఉన్నప్పుడు మామూలు సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఆరకుండా ఉంచాలని కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణ పత్రం ఐఎస్ 456 చెబుతుంది, పీపీసీ లాంటి వాటికి 14 రోజుల దాకా పొడిగించమంటుంది. ఈ గట్టుకు 14 రోజులూ ఉంచండి. ఇల్లు మొత్తం మీద మీరు స్వయంగా కాపలా ఉండాల్సిన పని ఏదైనా ఉంటే అది ఇదే.

పాలిష్ తడిగానే చేయించండి. పొడిగా అరగదీస్తే లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. చేసే మనిషికి మంచి మాస్కు మీరే కొనివ్వండి, కాంక్రీటు కలిపేవాళ్లకు గ్లౌజులూ ఇవ్వండి. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. కూలికి వచ్చినవాళ్లు అడగరు, ఇంటివాళ్లు ఆలోచించాలి. మొదటి పాలిష్ తర్వాత బయటపడిన సన్నటి రంధ్రాలను సిమెంటు ముద్దతో నింపి, ఆరాక మళ్లీ సన్న రాయితో పాలిష్ చేస్తారు. సీలర్‌కు మాత్రం పోసిన రోజు నుంచి 28 రోజులు ఆగండి. లోపల తడి ఉండగా సీలర్ వేస్తే అది తెల్లబడి పెచ్చులుగా లేస్తుంది.

సీలర్లలో రెండు జాతులు. సిలేన్, సైలాక్సేన్ రకాలు కాంక్రీటులోకి ఇంకిపోతాయి. రంగు మారదు, వేడి గిన్నె పెట్టినా ఏమీ కాదు. నీళ్లు లోపలికి దిగకుండా బాగా ఆపుతాయి, నూనెను కొంతసేపు ఆపుతాయి, పులుపును ఆపలేవు. రెండో జాతి పైన పొరలా నిలిచేవి, ఎపాక్సీ, పాలీయూరిథేన్. పులుపు, పసుపు రెండింటినీ ఆపేది ఈ పొరే. ఎపాక్సీ ఎండ తగిలే కిటికీ దగ్గర పసుపు రంగుకు తిరుగుతుంది, వేడికి మెత్తబడుతుంది. రెండు భాగాలు కలిపి వేసే పాలీయూరిథేన్ దానికంటే మేలు. ఏదైనా సరే ఆరిన తర్వాత తిండి తగిలినా హాని లేనిదని కంపెనీ రాతలో ఉండాలి. పొర ఉన్న గట్టు మీద స్టౌ మీద నుంచి దించిన కుక్కర్ నేరుగా పెట్టకూడదు. కింద కుదురు వేయాలి. కత్తితో నేరుగా కోయకూడదు. ఈ పొర ఎప్పటికీ ఉండదు, అరిగిన చోట మళ్లీ వేయించుకోవాలి. గట్టు మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి చూడండి. కొద్ది నిమిషాల్లో కింద నల్లబడితే సీలర్ అయిపోయినట్టే.

రోజూ తుడవడానికి మెత్తటి బట్ట, మామూలు గిన్నెల సబ్బు నీళ్లు చాలు. బాత్రూం కడిగే యాసిడ్ సీసా మాత్రం వంటింటి గడప దాటకూడదు. పండగ ముందు ఇల్లు కడిగేటప్పుడు పనివాళ్లు టైల్స్‌తో పాటు గట్టు మీద కూడా కొట్టేస్తారు, ముందే చెప్పి పెట్టండి.

ఖర్చు గురించి మేస్త్రి మాట నమ్మకండి. ఆరడుగుల ముక్కకు ముప్పై కిలోల సిమెంటు కూడా పట్టదు, కాబట్టి చవకే అనిపిస్తుంది. అచ్చు, పాలిష్ మనిషి కూలి, సీలర్, రెండు వారాల క్యూరింగ్ శ్రమ కలిపితే మామూలు గ్రానైట్ కంటే తగ్గదు, చిన్న పనికి పాలిష్ మిషన్ తెప్పిస్తే ఎక్కువే కావచ్చు. మీకు ఆ రూపం నచ్చితేనే చేయించుకోండి, పైసల కోసం అయితే గ్రానైటే నయం.

వంటిల్లు మొదలయ్యేలోపు ఒక పని చేయండి. ఇదే మిశ్రమంతో అడుగు చదరం పలకలు రెండు పోయించండి, రెండంగుళాల మందం. గట్టుకు చెప్పినట్టే తడిపి, పాలిష్ చేయించి, 28 రోజులు ఆగి, ఒకదానికి లోపలికి ఇంకిపోయే రకం సీలర్, రెండోదానికి పాలీయూరిథేన్ వేయించండి. పలకలు మీ అమ్మగారి చేతికి ఇవ్వండి. చింతపండు గుజ్జు, నిమ్మచెక్క, పసుపు కలిపిన నూనె, టీ డికాషన్ ఒక్కో మూల వేసి, ఒక్కో మరకలో సగాన్ని ఒక గంట తర్వాత, మిగతా సగాన్ని మర్నాడు పొద్దున తుడిచి చూడమనండి. వేడి గిన్నె కూడా ఒకసారి పెట్టమనండి. ఆ పలకలు చూశాక ఆమె ఏది ఒప్పుకుంటే ఆ సీలర్ తీసుకోండి, రెండూ వద్దంటే ఆరడుగుల వైపుకూ గ్రానైట్ కొలత ఇచ్చేయండి. పలకల పరీక్ష తేలేసరికి ఏప్రిల్ దాటినా పరవాలేదు. ఆ ఆరడుగుల వైపు గోడలు, నిలువు బండలు వేయించి పైన ఖాళీగా ఉంచండి. వానలు పడి ఎండ తగ్గాక గట్టు పోస్తే పని ఇంకా తేలిక.